వెలుతురు వైపు తిరగండి

మంగళవారం మధ్యాహ్నం 1:45కి కూర్మన్నపాలెం దగ్గర, స్టీల్ ప్లాంటు గేటుకి వెళ్లే రోడ్డులో, బస్ షెల్టర్ ముందు నిలబడి ఉన్న జోగమ్మను బొలెరో జీపు ఢీకొంది. ఆమె అక్కడే చనిపోయింది. వయసు నలభై ఒకటి. ప్లాంటులో ఒక కాంట్రాక్టరు కింద ఊడ్చే పని. రెండింటి షిఫ్టుకి వచ్చింది.

ఎఫ్ఐఆర్‌లో ఉన్నది ఇంతే. అందులో సమయం తప్పని మర్నాడు తేలింది.

2:20కి అదే కాంట్రాక్టరు డ్రైవర్ త్రినాథరావు స్టేషన్‌కి వచ్చి జీపు నడిపింది తనే అన్నాడు. 3:55కి తాగిందీ లేనిదీ చెప్పే మిషన్‌లో ఊదించారు. 64 వచ్చింది. ముప్పై దాటితే నేరం. నాలుగింటికి అరెస్టు చూపించారు. సీఐ మోహనకృష్ణ మొదట సెక్షన్ 106 రాశాడు. అది నిర్లక్ష్యం వల్ల మరణం. ఐదేళ్ల లోపు శిక్ష, స్టేషన్‌లోనే బెయిల్. మిషన్ కాగితం చూశాక కొట్టేసి 105 రాశాడు. అది ప్రాణం పోవచ్చని తెలిసి చేసిన పని, పదేళ్ల దాకా.

జీపులో ఇంకొక మనిషి ఉన్నాడు. కాంట్రాక్టరు దగ్గర సేఫ్టీ సూపర్‌వైజర్ రోహిత్. ఎడమ సీట్లో కూర్చున్నానని చెప్పాడు. ఒకటో సాక్షి అతనే.

బుధవారం నాలుగు లోపు త్రినాథరావును మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. మూడున్నరకి వ్యాను బయల్దేరుతుంది. రిమాండ్ రిపోర్టు మీద ప్రమాద దర్యాప్తు విభాగం ఎస్సై సంతకం కూడా ఉండాలి. ఆ ఎస్సై షాహీనా. ఒంటి గంటా ఐదుకి ఆమె స్టేషన్‌లోకి వచ్చి, సంతకం పెట్టకుండా, ముద్దాయితో మాట్లాడాలంది.

"ఎంత తాగావు?"

"క్వార్టరు పైన కొంచెం, మేడమ్."

"ఎక్కడ?"

"సబ్బవరంలో. మా సిన్నమావ పెద్దకార్యం. బోజనాలకి ముందు తాగినాం. నిన్న నాకు వీక్లీ ఆఫు."

"ఆఫ్ రోజు కంపెనీ జీపు సబ్బవరం ఎలా వచ్చింది?"

"రోహిత్ బాబు తెచ్చినారు. అక్కడ యార్డులో ఏదో పనుండి."

"తెచ్చినవాడు తిరిగి తేలేడా?"

త్రినాథరావు కింది పెదవి వాచి ఉంది. జనం కొట్టిన దెబ్బ. దాన్ని నాలుకతో తడుపుకున్నాడు.

"జోగమ్మను ఎంత దూరంలో ఉండగా చూశావు?"

"సూడనేదు."

"గుద్దిన తర్వాత?"

"సౌండొచ్చినాకే కళ్లు తెరిసినాను."

అని ఆగిపోయాడు. హెడ్ కానిస్టేబుల్ గురునాథరావు రాస్తున్న పెన్ను కూడా ఆగింది.

"కళ్లు మూసుకుని తోలావా?" అంది షాహీనా.

"తాగి ఉన్నాను కదా మేడమ్."

"చొక్కా విప్పు."

వీపు మీద మూడు చోట్ల కమిలింది. ఛాతీ మీద ఇంకొక గుర్తు ఉంది. ఎడమ భుజం దగ్గర మొదలై, ఛాతీకి అడ్డంగా, కుడి నడుము దాకా ఒకటే చార. షాహీనా టేపు అడిగింది. చార వెడల్పు రెండంగుళాలకి కొంచెం తక్కువ.

"పబ్లిక్ కొట్టిన దెబ్బే మేడమ్," అన్నాడు గురునాథరావు. "నిన్న సేతికి దొరికిందల్లా తీసినారు."

"అన్ని దెబ్బలూ అడ్డదిడ్డంగా కొట్టి, ఇది మాత్రం స్కేలు పెట్టి కొట్టారా? మీకు కారుంది కదా. డ్రైవర్ సీట్లో కూర్చుంటే బెల్టు ఏ భుజం మీంచి వస్తుంది?"

గురునాథరావు కుర్చీలో కూర్చునే చెయ్యి వెనక్కి చాపి, లేని బెల్టు లాగి చూసుకున్నాడు. అతని చెయ్యి కుడి భుజం మీంచి ఎడమ నడుముకి వచ్చింది. త్రినాథరావు ఛాతీ వంక చూశాడు. కాగితం మీద రాసుకున్నాడు.

"పక్క సీట్లో ఉన్నవాడివి. ఎవరి కోసం లోపలికెళ్తున్నావు?" అంది షాహీనా.

త్రినాథరావు చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు తీసుకున్నాడు.

"మా ఆడది ఎంకటరమణమ్మ కూడా అదే కాంట్రాక్టు, మేడమ్. రోహిత్ బాబు టిక్కెడితేనే దానికి హాజరు."

"ముందు జరిగింది చెప్పు."

"నాను తాగీసినాను, తోలను బాబూ అని సెప్పి తాళం సేతిలో ఎట్టేసినాను. ఇంటికాడ దింపుతానని ఎక్కించుకున్నాడు. బెల్టెట్టుకుని పడుకున్నాను. అయిపోయినాక పక్కకి లాగి, త్రినాథూ, నీ పేరు సెప్పు, డ్రైవరు కేసు, సాయంత్రానికి ఇంటికొచ్చేత్తావు అన్నాడు. నాను సరే అన్నాను. ఇరవయ్యేళ్లుగా అంతే కదా మేడమ్. బండి ఓనరుది, కేసు డ్రైవరుది."

"నువ్వు తాగి ఉన్నావు కదా. ఊదిస్తారని తెలీదా?"

"అదే మేడమ్. ఆ బాబూ మర్సిపోనాడు, నానూ మర్సిపోనాను."

1:30కి స్టేషన్‌లో ఎక్కడో ఫోన్ మోగింది. రింగు కాదు, అలారం. గురునాథరావు లేచి, సాక్ష్యాలు దాచే బీరువా తెరిచాడు. సీలు వేసిన కవరులో పగిలిన ఫోన్ వెలుగుతోంది. కవరు మీద జోగమ్మ పేరు, క్రైమ్ నంబరు ఉన్నాయి.

"సీలు తియ్యకూడదని ఆపు చెయ్యలేదు మేడమ్," అన్నాడు.

షాహీనా ప్లాస్టిక్ మీంచే చదివింది. హాజరు సమయం. వెలుతురు వైపు తిరగండి.

"మా దానికీ అలాగే మోగుద్ది," అన్నాడు త్రినాథరావు, అటు చూడకుండా. "ఒకటీ ముప్పావు లోపు ముకం సూపించాల. గేటు రోడ్డులో బస్ షెల్టర్ కాడికొస్తేగాని ఆ యాపు తెరుసుకోదు. కళ్లు మూసి తెరవమంటాది. ఫొటో ఆ బాబు ఫోన్‌కి ఎల్తాది. అతగాడూ ముప్పావు లోపే ఒక్కోటి సూసి టిక్కెట్టాల. లేపోతే సగం రోజు కూలి పోద్ది."

అలారం నిమిషం సేపు మోగి ఆగింది.

షాహీనా స్కూటీ మీద బయల్దేరింది. ఫ్లైఓవర్ దాటాక జేబులో ఫోన్ కదిలింది. ఎడమ చెయ్యి హ్యాండిల్ వదిలి జేబు దాకా వెళ్లింది. బండి పక్కకి తీసి ఆపి చూసింది. మోహనకృష్ణ పంపిన మెసేజ్. సంతకం అయిందా?

1:39కి షెల్టర్ దగ్గర ఉంది. మూల స్తంభం వంగి ఉంది. షెల్టర్ కింద పంతొమ్మిది మంది ఉన్నారు. 1:40కి ఒకళ్లిద్దరు, ఆ వెనకే అందరూ, నీడలోంచి బయటికొచ్చి తారురోడ్డు అంచున నిలబడ్డారు. ఎండ ముఖం మీద పడాలంటే రోడ్డుకి వీపు పెట్టాలి. అందరూ వీపు పెట్టారు. ఫోన్లు ఎత్తారు. కళ్లు మూశారు. తెరిచారు. వాళ్ల వెనక నుంచి బూడిద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ వెళ్లింది. ఎవరూ తిరిగి చూడలేదు. షెల్టర్ చివర, స్తంభం పక్కన, ఒక మనిషి నిలబడేంత చోటు వదిలేశారు.

హాజరు పడినవాళ్లు ఒక్కొక్కరే నీడలోకి వచ్చారు. చిట్టమ్మ అనే ఆమె ఆగింది. జోగమ్మతో తొమ్మిదేళ్లుగా కలిసి పని చేస్తోంది.

"నీడలో ముకం పట్టదు మేడమ్. నల్లోలికి మరీని," అంది.

"నిన్న జీపు కుడి తలుపులోంచి ఎవరు దిగారు?"

"తెలీదు. మేం సూసీసరికి ఇద్దరూ రోడ్డు మీదున్నారు. ఒకడు తాగున్నాడని వాసనొచ్చింది. మావోలు ఆడ్ని పట్టుకున్నారు."

"రెండోవాడు?"

"రోహిత్ బాబా? ఆ బాబే నూటెనిమిదికి ఫోన్ సేసినాడు. మంచోడు. ఒక్క సుక్క ముట్టడు."

"జోగమ్మ ఎక్కడ నిలబడింది?"

చిట్టమ్మ ఆ ఖాళీ చోటు చూపించింది. "దానికి మూడుసార్లు రిజెక్టు కొట్టింది. ఇంకొక్కపాలి సూత్తానుండే అంది. నాను కళ్లు మూసినాను. తెరిసీసరికి అది నేదు."

చిట్టమ్మ ఫోన్‌లో వర్కర్ల గ్రూపు ఉంది. రోహిత్ ప్రతి షిఫ్టు ముందు ప్రతిజ్ఞ చేయించి, రిజిస్టరు పేజీని ఫొటో తీసి అందులో పెడతాడు. మంగళవారం ఉదయం 5:52కి పెట్టిన పేజీలో మూడో వాక్యం: బండి నడుపుతూ ఫోన్ చూడను, అది తాగి నడపడంతో సమానం. కింద రోహిత్ సంతకం. షాహీనా ఆ ఫొటోను తన ఫోన్‌కి పంపించుకుంది.

రోడ్డు మీద టైరు గుర్తులు చూసింది. షెల్టర్‌కి ముందు బ్రేకు గుర్తు లేదు. స్తంభం ముందు నాలుగు అడుగులు మాత్రం ఉంది. అంటే మనిషిని గుద్దిన తర్వాత.

ఎదురుగా పెట్రోలు బంకులో కెమెరా ఉంది. ఎండ అద్దం మీద పడడంతో జీపులో ముఖాలు కనిపించలేదు. జీపు జోగమ్మను తాకిన క్షణంలో తెర మీద గడియారం 1:45:29 చూపించింది. ఎఫ్ఐఆర్‌లో రాసింది ఆ సమయమే. షాహీనా తన ఫోన్ గడియారం దాని పక్కన పెట్టింది. బంకు గడియారం రెండు నిమిషాల పదకొండు సెకన్లు ముందుంది. తీసేస్తే 1:43:18. ఆ లెక్క కాగితం మీద రాసుకుంది.

రెండు కరెంటు స్తంభాల మధ్య జీపు పట్టిన సమయం లెక్క కట్టింది. సెకనుకి పన్నెండున్నర మీటర్లు. గంటకి నలభై ఐదు కిలోమీటర్లు.

ద్వారకా నగర్‌లో హాజరు యాప్ నడిపే ఆఫీసు ఉంది. అక్కడి ఉద్యోగి శ్రీవల్లికి ఫోన్ చేసి, మంగళవారం రోహిత్ ఫోన్ నుంచి వెళ్లిన ప్రతి టిక్కుకి సమయం, స్థలం కావాలంది. లెటర్ ఉంటేనే ఇస్తామంది శ్రీవల్లి. లెటర్ రెండు నిమిషాల్లో వెళ్లింది.

2:25కి షాహీనా స్టేషన్‌లోకి వచ్చేసరికి సీఐ గదిలో రోహిత్ కూర్చుని ఉన్నాడు. ఇరవై ఏడేళ్లుంటాయి. మెరుపు పట్టీల జాకెట్ తీయలేదు.

"సంతకం?" అన్నాడు మోహనకృష్ణ.

"పెట్టను సర్. త్రినాథరావు జీపు నడపలేదు."

"నడిపానని వాడే వచ్చి చెప్పాడమ్మా. మిషన్ చెప్పింది. నీకు ఇంకెవరు చెప్పాలి?"

"ఇతన్ని రెండు ప్రశ్నలు అడగనివ్వండి."

మోహనకృష్ణ గడియారం చూసి, కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఏ సీట్లో ఉన్నారు?"

"ఎడమ సీటు మేడమ్. స్టేట్‌మెంట్ ఇచ్చాను."

"బెల్టు పెట్టుకున్నారా?"

"పెట్టుకున్నాను. సేఫ్టీ వాళ్లమే పెట్టుకోకపోతే ఎలా?"

"జీపు స్తంభానికి తగిలి ఆగింది. బెల్టు బిగిసి ఉంటుంది. నొప్పి లేదా?"

"ఉంది మేడమ్. నిన్నంతా ఐస్ పెట్టాను."

"ఎక్కడ?"

రోహిత్ కుడి భుజం పట్టుకున్నాడు.

రోహిత్ తన చెయ్యి ఎక్కడుందో చూసుకున్నాడు. తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

తలుపు దగ్గర నిలబడ్డ గురునాథరావు ముందుకొచ్చి, త్రినాథరావు ఛాతీ మీది చార కొలత రాసిన పేజీ సీఐ ముందు పెట్టాడు. మోహనకృష్ణ దాన్ని చదివాడు. రెండోసారి చదివాడు.

"రెండు సెకన్లు సర్," అన్నాడు రోహిత్. "రెండే. హాజరు చూస్తే చాలామందికి సగం రోజు మిగులుతుంది కదా అని. నేను తాగలేదు. నా జన్మలో తాగలేదు. కావాలంటే ఊదించండి."

"బయట కూర్చో," అన్నాడు మోహనకృష్ణ.

గురునాథరావు అతన్ని తీసుకుని వెళ్లాక మోహనకృష్ణ తలుపు వేశాడు.

"నిన్న సాయంత్రం శవాన్ని రోడ్డు మీద పెట్టి కూర్చున్నారు. మూడొందల మంది. తాగుబోతుని పదేళ్లు లోపలేయిస్తానని మాటిచ్చి లేపాను. ఇప్పుడు తాగినవాడు కాదు, మీ మంచి సూపర్‌వైజరే అని చెప్పాలా?"

"నడిపినవాడి పేరు చెప్పాలి సర్."

"సరే. వీడి పేరు రాస్తా. 106. సంతకం పెట్టు."

"105 రాయండి."

"ఫోన్ చూసినందుకా?"

"అవును."

"చూడమ్మా. తాగేవాడు గ్లాసు ఎత్తేముందు ఆలోచించుకోవచ్చు. రెండో గ్లాసుకి ముందు ఆలోచించుకోవచ్చు. తాళం తిప్పేముందు ఆలోచించుకోవచ్చు. వీడికి అంత టైమేదీ? తల దించాడు, ఎత్తాడు. రెండూ ఒకటేనా?"

"గ్లాసు ఎత్తినవాడు ఆలోచించుకునే తాళం ఇచ్చేశాడు సర్."

మోహనకృష్ణ కుర్చీలో వెనక్కి వాలాడు.

"నేను చూస్తాను ఫోన్. రోజూ. డీసీపీ ఆఫీసు నుంచి వస్తే ఎత్తకుండా ఉంటానా? నువ్వు చూడవా?"

"మీ మెసేజ్ వచ్చినప్పుడు చెయ్యి జేబులోకి వెళ్లింది."

"మరి?"

"ఇవాళ బండి ఆపాను."

"రోజూ ఆపుతావా?"

షాహీనా వర్కర్ల గ్రూపులో దొరికిన ప్రతిజ్ఞ పేజీ తీసి అతని ముందు పెట్టింది. మోహనకృష్ణ మూడో వాక్యం దగ్గర వేలు పెట్టి చదివాడు. సంతకం చూశాడు.

"ప్రమాదమని తెలుసని దీంతో చూపించొచ్చు," అన్నాడు. "కానీ వాడి లాయరు రెండు సెకన్లు అంటాడు. జడ్జిగారి కారు డ్రైవరు కూడా రెండు సెకన్లు చూస్తాడు. రెండు సెకన్లకి పదేళ్లు ఎవరూ ఇవ్వరమ్మా. ఇవ్వకూడదు కూడా. రేపు ఇంటికో మనిషిని లోపలెయ్యాలి."

"రెండు సెకన్లు అయితే 106కే సంతకం పెడతాను."

"కాదని ఎలా తెలుస్తుంది?"

"మూడున్నర దాకా ఆగండి."

లాకప్‌లోంచి త్రినాథరావు ఇటే చూస్తున్నాడు. తలుపు అద్దంలోంచి పెదవులు కదలడం కనిపిస్తుంది గాని మాట వినపడదు. అతని భార్య వెంకటరమణమ్మ భోజనం క్యారేజీ పట్టుకుని గుమ్మం బయట నిలబడింది. ఆమె షిఫ్టు రెండింటికి మొదలైంది. వెళ్లలేదు. ఆమె నిలబడ్డ చోటుకి నాలుగడుగుల దూరంలో బెంచీ మీద రోహిత్ కూర్చున్నాడు. ఆమె అతనికి నమస్కారం పెట్టింది.

2:58కి షాహీనా ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టింది.

"మేడమ్, శ్రీవల్లిని. లిస్టు తీశాను. 1:36 నుంచి 1:43 దాకా ఆ ఫోన్ నుంచి పద్దెనిమిది టిక్కులు వెళ్లాయి."

"ఎక్కడి నుంచి?"

"అదే మేడమ్. ఒకే చోట లేవు. ప్రతిదీ ముందు దానికంటే గేటుకి దగ్గరగా ఉంది. రోడ్డు వెంబడే వస్తున్నాయి."

మోహనకృష్ణ ముందుకి వంగాడు. "ఏమ్మా, ఒక్కో ఫొటో ఎంతసేపు చూశాడో ఉంటుందా?"

"ఉంటుంది సర్. తెరిచిన టైమూ, టిక్ కొట్టిన టైమూ రెండూ పడతాయి. కొన్ని నాలుగు సెకన్లు. కొన్ని ఆరు. ఫొటో సరిగా రాకపోతే పెద్దది చేసి చూడాలి కదా, అప్పుడు ఎక్కువ పడుతుంది."

"అన్నీ కలిపితే?"

కీబోర్డు చప్పుడు వినిపించింది.

"తొంభై మూడు సెకన్లు సర్."

మోహనకృష్ణ రిమాండ్ రిపోర్టు దగ్గరికి లాక్కున్నాడు. త్రినాథరావు పేరు కొట్టేసి, పక్కన పొట్టి సంతకం చేశాడు. గురునాథరావును పిలిచి, లాకప్ తీసి అతన్ని బయట కూర్చోబెట్టమన్నాడు. తప్పుడు వాంగ్మూలం సంగతి తర్వాత చూద్దామన్నాడు. సెక్షన్ దగ్గర పెన్ను ఆపాడు.

"ఆఖరి టిక్కు ఎవరిదమ్మా?" అని షాహీనా ఫోన్‌లో అడిగింది.

"ఇక్కడ పేర్లు రావు మేడమ్, నంబర్లే. ఫొటో తీసి పంపనా?"

"పంపండి."

ఫొటో 3:11కి వచ్చింది. షాహీనా తెరిచి, ఫోన్ తిప్పి సీఐ ముందు పెట్టింది.

ఫొటోలో ఉన్నది జోగమ్మ. ముఖం మీద ఎండ ఉంది. కళ్లు తెరిచి ఉన్నాయి. భుజం వెనక రోడ్డు, రోడ్డు చివర ఒక తెల్ల జీపు కనిపిస్తున్నాయి.

కింద మూడు వరుసలు ఉన్నాయి. పంపిన సమయం 1:43:04. సూపర్‌వైజర్ తెరిచిన సమయం 1:43:11. మోహనకృష్ణ మూడో వరుస చదివి, బంకు కెమెరా కాగితం అడిగాడు. షాహీనా ఇచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టుకున్నాడు.

జీపు జోగమ్మను తాకిన సమయం 1:43:18.

రోహిత్ ఫోన్ నుంచి జోగమ్మ హాజరుకి టిక్కు పడిన సమయం 1:43:19.